చిప్ డిజైన్ ఇంజనీర్లకు విదేశీ ఉద్యోగం చూపించే కన్సల్టెన్సీ సేవ: 1,40,000 రూపాయలు కట్టిన తర్వాత నా సమీక్ష

2024 జనవరిలో నేను హైదరాబాదులోని ఒక విదేశీ ఉద్యోగాల కన్సల్టెన్సీలో చేరి, రెండు విడతల్లో 1,40,000 రూపాయలు కట్టి, తొమ్మిది నెలల పాటు వారి సేవలను వాడుకున్నాను. చిప్ డిజైన్ రంగంలో ఉన్నవారికి జర్మనీలో ఉద్యోగం వచ్చేదాకా అన్నీ తామే చూసుకుంటామన్నది వారి హామీ. ఇప్పుడు నేను మ్యూనిక్‌లో డిజైన్ వెరిఫికేషన్ (చిప్ తయారీకి వెళ్లే ముందే దాని డిజైన్‌లో తప్పులు వెతికే పని) ఇంజనీరుగా పనిచేస్తున్నాను గాని, ఈ ఉద్యోగం వారి ద్వారా వచ్చింది కాదు. సంస్థ పేరు రాయడం లేదు. ఇదే పద్ధతిలో నడిచే కన్సల్టెన్సీలు అమీర్‌పేట నుంచి గచ్చిబౌలి దాకా ఉన్నాయి కనుక, ఇక్కడ చెప్పేది ఒక్క ఆఫీసుకే పరిమితమని అనుకోనవసరం లేదు. ఈ సేవకు అయిదింటికి రెండు మార్కులు ఇస్తున్నాను. ఆ రెండూ ఎందుకు ఇచ్చానో, మిగతా మూడు ఎందుకు ఇవ్వలేకపోయానో వివరంగా చెబుతాను.

ముందు నా పరిస్థితి చెప్పాలి. మాది నరసరావుపేట దగ్గర ఒక పల్లె. జేఎన్‌టీయూ కాకినాడకు అనుబంధంగా ఉన్న కాలేజీలో ఈసీఈ చదివి, ఆరు నెలలు వీఎల్‌ఎస్‌ఐ (చిప్ డిజైన్) కోర్సు చేసి, హైదరాబాదులోనే ఒక సర్వీసెస్ కంపెనీలో చేరి ఆరేళ్లు వెరిఫికేషన్ చేశాను. పని తెలుసు, జీతమూ ఫరవాలేదు. కానీ సర్వీసెస్ కంపెనీలో ఉన్నవారికి తెలిసిన ఇబ్బందే నాకూ ఉండేది. క్లయింట్ ఒక బ్లాకు (చిప్‌లో ఒక భాగం) ఇస్తాడు, దానికి టెస్ట్‌బెంచ్ (దాన్ని పరీక్షించే ప్రోగ్రాం) రాస్తాం, కవరేజ్ నింపుతాం (అన్ని సందర్భాలూ పరీక్షించామని చూపిస్తాం), ఆ చిప్ టేపవుట్ అయ్యే (తయారీకి వెళ్లే) నాటికి మనం ఇంకో క్లయింట్ దగ్గర ఉంటాం. స్పెసిఫికేషన్ రాసే దగ్గర కూర్చోవాలని, నేను వెతికి పట్టుకున్న బగ్ వల్ల ఆర్కిటెక్చర్‌లో ఏం మారిందో చూడాలని నాకు బలంగా ఉండేది. అమెరికా సంగతి ఆలోచించాను గాని, ఏటా 85,000 హెచ్-1బీ వీసాలకు జరిగే లాటరీ మీద జీవితాన్ని ఆధారపరచడానికి మనసు ఒప్పలేదు. (2025 సెప్టెంబరులో, దేశం బయట ఉన్నవారి కోసం వేసే కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము విధించారు కనుక ఆ దారి ఇప్పుడు ఇంకా ఇరుకైంది.) అందుకే యూరప్ వైపు చూశాను.

కన్సల్టెన్సీ ఆఫీసులో అడుగుపెట్టగానే ఎదురుగా గోడ నిండా ఫొటోలు ఉంటాయి. చేతిలో పాస్‌పోర్టు పట్టుకుని నవ్వుతున్న కుర్రవాళ్లు, ప్రతి ఫొటో కింద పేరు, దేశం జెండా. నాతో మాట్లాడిన కౌన్సెలర్ మర్యాదగా మాట్లాడాడు. మాగ్డెబర్గ్‌లో ఇంటెల్ ఫ్యాక్టరీ వస్తోందని, డ్రెస్డెన్‌లో టీఎస్‌ఎంసీ వస్తోందని, యూరప్ చిప్స్ చట్టం కింద 43 బిలియన్ యూరోల పెట్టుబడి రాబోతోందని, చిప్ ఇంజనీర్ల కోసం జర్మనీ ఎదురు చూస్తోందని చెప్పాడు. విడివిడిగా ఇవి ప్రకటితమైన సంగతులే. వాటికీ నా ఉద్యోగానికీ మధ్య ఎంత దూరం ఉందో ఆ రోజు అతనికి తెలియదు, అడగాలని నాకూ తోచలేదు. చేరినప్పుడు 80,000, రెజ్యూమె తయారయ్యాక 60,000, ఆఫర్ వచ్చాక 70,000 అని ఒప్పందం రాసుకున్నాం.

రసీదు మీద "ప్రొఫైల్ మార్కెటింగ్, కెరీర్ గైడెన్స్ సేవ" అని రాసి ఉంది. ఆ మాటల్లో ఉన్న విషయం నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషులను కుదిర్చే ఏజెంటు విదేశాంగ శాఖ దగ్గర రిజిస్టరై ఉండాలి. అలా రిజిస్టరైన ఏజెంటు సైతం ఉద్యోగార్థి దగ్గర సేవా రుసుముగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్‌టీ మించి తీసుకోకూడదు. నాకు రాసిచ్చిన మొత్తం 2,10,000. గైడెన్స్ అని రాస్తే అది రిక్రూట్‌మెంట్ కిందికి రాదన్నది వారి వాదన. రిజిస్టరైన ఏజెంట్ల జాబితా విదేశాంగ శాఖ ఈమైగ్రేట్ పోర్టల్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. నేను డబ్బు కట్టిన నాలుగు నెలల తర్వాత చూశాను; ఆ జాబితాలో ఈ పేరు లేదు. మీరు డబ్బు కట్టే ముందే, ఆ ఆఫీసులో కూర్చునే, ఫోన్‌లో చూసుకోండి. రెండు నిమిషాల పని.

ఇక ఆ రెండు మార్కుల సంగతి. పత్రాల విభాగంలో ఒక మేడమ్ ఉండేవారు. ఆవిడ చేసిన పనికి మాత్రం నేను ఎప్పటికీ కృతజ్ఞుణ్ని. మన తెలుగువాళ్ల పేర్లతో వచ్చే చిక్కు అందరికీ తెలిసిందే: పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందు ఉంటుంది, డిగ్రీలో పూర్తిగా ఉంటుంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో ఒకటి, పేరు గడిలో మరొకటి ఉంటుంది. నా మూడు పత్రాల్లో నా పేరు మూడు రకాలుగా ఉంది. ఆవిడ వాటిని బల్ల మీద పక్కపక్కన పరిచి, స్కేలు పెట్టి ఒక్కో అక్షరం చూసి, తేడాలన్నీ ఒక కాగితం మీద రాసి, ఏ పత్రానికి అఫిడవిట్ సరిపోతుందో, దేన్ని దిద్దించుకోవాలో చెప్పారు. ప్రొవిజనల్ సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోవద్దని, ఒరిజినల్ డిగ్రీ వెంటనే తీసుకోమని పట్టుబట్టారు. అప్పటిదాకా నేను ఓడీకి దరఖాస్తే చేయలేదు. ఆ పని అప్పుడు మొదలుపెట్టకపోతే, తర్వాత ఆఫర్ వచ్చినప్పుడు కాకినాడ చుట్టూ తిరుగుతూ నెలలు పోగొట్టుకునేవాణ్ని. ఇలాంటి పనికి విడిగా పదివేలు అడిగినా సంతోషంగా ఇచ్చేవాణ్ని.

అసలు లోపం ఉద్యోగాల వేటలో ఉంది. నెలకోసారి నాకు ఒక షీట్ పంపేవారు, నా తరఫున ఏ ఏ కంపెనీలకు దరఖాస్తు చేశారో అందులో ఉండేది. మొదటి నాలుగు నెలల్లో 143 దరఖాస్తులు. చూసి సంతోషించాను. ఒక ఆదివారం కూర్చుని ఒక్కో వరుసా తెరిచి చదివితే, అందులో డిజైన్ వెరిఫికేషన్ ఉద్యోగాలు 19 మాత్రమే. మిగతావి ప్రాసెస్ ఇంజనీరు, ఎక్విప్‌మెంట్ ఇంజనీరు, క్లీన్‌రూమ్ టెక్నీషియన్, ఫ్యాక్టరీ యంత్రాలకు పీఎల్‌సీ ప్రోగ్రాం రాసేవారు. సెమీకండక్టర్ అన్న మాట ఎక్కడ కనబడితే అక్కడికి నా రెజ్యూమె పంపించారు. చిప్‌ను గీసేవారు వేరు, చిప్‌ను తయారు చేసేవారు వేరు. ఆర్‌టీఎల్ (చిప్ ఎలా పనిచేయాలో చెప్పే కోడ్) రాయడం, దాన్ని వెరిఫై చేయడం, సింథసిస్, ఫిజికల్ డిజైన్, డీఎఫ్‌టీ ఇవన్నీ కంప్యూటర్ ముందు జరిగే పనులు. సిలికాన్ వేఫర్ మీద లితోగ్రఫీ, ఎచింగ్ జరిగే ఫ్యాబ్‌లో కావలసింది రసాయన శాస్త్రం, పదార్థ శాస్త్రం తెలిసినవారు. మాగ్డెబర్గ్‌లో ఫ్యాబ్ కట్టినా అది ప్రధానంగా వారికి పని ఇచ్చేది. ఆ ప్రాజెక్టునైతే ఇంటెల్ 2024 సెప్టెంబరులో వాయిదా వేసి, 2025 జులైలో పూర్తిగా విరమించుకుంది. ఈ తేడా చెప్పడానికి నేను కౌన్సెలర్‌కు ఫోన్ చేస్తే, "రెండూ చిప్పే కదా సార్" అన్నాడు. అతను అబద్ధం ఆడలేదు, నిజంగానే అలా అనుకున్నాడు. నా రంగం గురించి ఆ మాత్రం కూడా తెలియని చోట నా భవిష్యత్తును పెట్టానన్న బాధ ఆ మాటతో మొదలైంది.

అంతకన్నా తీవ్రమైన విషయం రెజ్యూమె. ఏఎమ్‌బీఏ బస్ ప్రోటోకాళ్లు (చిప్ లోపలి భాగాలు డేటా పంపుకునే నియమాలు), యూవీఎం (వెరిఫికేషన్‌కు వాడే ప్రామాణిక పద్ధతి) టెస్ట్‌బెంచ్‌లు, మెమరీ కంట్రోలర్ వెరిఫికేషన్ నేను నిజంగా చేసిన పనులు. వారు తయారు చేసిన రెజ్యూమెలో వీటితో పాటు "పీసీఐఈ జెన్ 5, రెండున్నర సంవత్సరాల అనుభవం" అని ఒక వరుస చేర్చారు. పీసీఐఈ అంటే కంప్యూటర్‌లో చిప్‌లను, కార్డులను కలిపే వేగవంతమైన లింక్; దాని మీద నేను పని చేయలేదు. పైగా మా క్లయింట్ ఇంకా విడుదల చేయని ప్రాజెక్టు అంతర్గత పేరును కూడా అందులో రాశారు. ఆ పేరును నేను మాటల సందర్భంలో చెప్పి ఉంటాను, అది నా తప్పే. రహస్యంగా ఉంచుతామని సంతకం చేసిన విషయం బయటి కాగితం మీద కనబడితే చేస్తున్న ఉద్యోగం పోవడంతో ఆగదు, ఈ రంగంలో మనల్ని మళ్లీ ఎవరూ నమ్మరు. వెంటనే తీసేయమని రాశాను. పేరు తీసేశారు, పీసీఐఈ వరుస మాత్రం ఉంచేశారు. కొత్త రెజ్యూమెను నేను మళ్లీ చదవలేదు.

ఆ వరుసతోనే 2024 మేలో ఒక ఇంటర్వ్యూ వచ్చింది. ఎదురుగా ఉన్నాయన యాభై ఏళ్లు దాటిన జర్మన్ ఇంజనీరు. కుశల ప్రశ్నలయ్యాక నేరుగా పీసీఐఈలోకి వచ్చాడు. లింక్ ఎల్‌జీరో (మామూలుగా పనిచేసే) స్థితి నుంచి రికవరీలోకి (మళ్లీ సరిచేసుకునే స్థితిలోకి) ఏ ఏ కారణాల వల్ల వెళ్తుంది, ఆ సందర్భాలను మీ టెస్ట్‌బెంచ్‌లో ఎలా సృష్టించారు అని అడిగాడు. పుస్తకంలో చదివింది చెప్పవచ్చు: వేగం మార్చుకోవడానికి వెళ్తుంది, లోపాలు వచ్చినప్పుడు వెళ్తుంది. కాని ఎలా సృష్టించారన్న రెండో భాగానికి, చేసినవాడు మాత్రమే జవాబు చెప్పగలడు. ఆ పని నేను చేయలేదని, ఆ వరుస నేను రాసింది కాదని, చదవకుండా పంపనివ్వడం నా బాధ్యతారాహిత్యమని చెప్పాను. ఆయన కోప్పడలేదు. నిజం చెప్పినందుకు ధన్యవాదాలు అని, ఇలాంటి రెజ్యూమెతో ఈ సంభాషణ కొనసాగించలేనని చెప్పి, మర్యాదగా ముగించాడు. పదకొండు నిమిషాలు. ఆరేళ్లు కష్టపడి నేర్చుకున్న పని గురించి ఒక్క ప్రశ్న కూడా ఎదుర్కోకుండానే బయటికి వచ్చాను. మన దగ్గర లేని అనుభవాన్ని రెజ్యూమెలో పెట్టడం మామూలే అని చాలామంది సర్దిచెబుతారు. ఈ రంగంలో అది పని చేయదు, ఎందుకంటే ఇంటర్వ్యూ చేసేది హెచ్‌ఆర్ కాదు, రేపు మన పక్కన కూర్చుని అదే బ్లాకు మీద పనిచేయబోయే మనిషి.

జూన్‌లో జర్మనీ కొత్తగా ఆపర్చునిటీ కార్డు ప్రవేశపెట్టింది. ఉద్యోగం లేకుండానే అక్కడికి వెళ్లి, ఏడాది లోపు వెతుక్కోవడానికి వీలు కల్పించే కార్డు అది. అప్పటిదాకా ఆఫర్ తేలేకపోయిన కన్సల్టెన్సీ, రాజీనామా చేసి ఈ కార్డు మీద వెళ్లిపొమ్మని నా మీద ఒత్తిడి తెచ్చింది. దానికి నెలకు 1,027 యూరోల చొప్పున ఏడాదికి 12,324 యూరోలు, అంటే అప్పటి లెక్కలో సుమారు 11 లక్షల రూపాయలు, బ్యాంకులో ముందే చూపించాల్సి ఉండేది. వారానికి 20 గంటలు మాత్రమే పని చేయవచ్చు. కార్డు చెడ్డదని నేను అనను, కొందరికి ఉపయోగపడుతుంది. కానీ చిప్ డిజైన్‌లో మొదటి రౌండ్లు దాదాపు అన్నీ వీడియోలోనే జరుగుతాయి కనుక, చేస్తున్న ఉద్యోగం వదిలి మ్యూనిక్‌లో అద్దె గదిలో కూర్చుని ఇంటర్వ్యూ ఇవ్వడం వల్ల కలిసొచ్చేది చాలా తక్కువ. నాతోపాటు చేరిన, కరీంనగర్ నుంచి వచ్చిన ఒక చెల్లెలు ఫిజికల్ డిజైన్‌లో మూడేళ్లు పనిచేసింది. ఆమె నాన్నగారు నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి ఈ కార్డుకు డబ్బు సిద్ధం చేస్తుంటే, వద్దని నేనే వెళ్లి ఆయనతో మాట్లాడాను. ఆయన విన్నారు.

సెప్టెంబరులో ఆ సేవ మానుకుని సొంతంగా మొదలుపెట్టాక తెలిసింది, నేను డబ్బు కట్టిన సమాచారమంతా ఉచితంగా దొరుకుతుందని. జర్మన్ ప్రభుత్వం నడిపే "మేక్ ఇట్ ఇన్ జర్మనీ" పోర్టల్‌లో బ్లూ కార్డు (డిగ్రీ, తగిన జీతంతో ఉద్యోగం ఉన్న విదేశీయులకు ఇచ్చే నివాస అనుమతి) నిబంధనలన్నీ ఇంగ్లీషులో స్పష్టంగా ఉన్నాయి. 2025లో బ్లూ కార్డుకు సాధారణంగా ఏడాదికి 48,300 యూరోల జీతం ఉండాల్సి ఉండేది, కొరత ఉన్న వృత్తులకు 43,759.80 యూరోలు సరిపోయేవి; ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్లు ఈ రెండో కోవలోకి వస్తారు. అనుభవం ఉన్న వెరిఫికేషన్ ఇంజనీరుకు ఈ హద్దు అడ్డే కాదు. డిగ్రీకి గుర్తింపు ఉందో లేదో అనాబిన్ అనే డేటాబేస్‌లో చూసుకోవచ్చు. కన్సల్టెన్సీ వారు అందులో మా కాలేజీ పేరు వెతికి, దొరకలేదని నన్ను భయపెట్టారు. డిగ్రీ ఇచ్చింది విశ్వవిద్యాలయం కనుక వెతకవలసింది దాని పేరు. అయినా అనుమానం లేకుండా ఉండాలని 208 యూరోలు కట్టి జర్మన్ కేంద్ర సంస్థ జెడ్‌ఏబీ నుంచి డిగ్రీ సమానత్వ పత్రం తెచ్చుకున్నాను. నాకు తొమ్మిది వారాలు పట్టింది. ఈ ప్రయాణంలో పూర్తి విలువ దక్కిన ఖర్చుల్లో అదొకటి. రెండోది గోథె సెంట్రుమ్‌లో చేరిన జర్మన్ తరగతి: బ్లూ కార్డు ఉన్నవారికి బీ1 (మధ్య) స్థాయి భాష వస్తే 21 నెలల్లో, ఏ1 (ప్రారంభ స్థాయి) మాత్రమే ఉంటే 27 నెలల్లో శాశ్వత నివాసానికి అర్హత వస్తుంది.

వెతికే చోటు కూడా మారింది. కన్సల్టెన్సీకి జర్మనీ తప్ప మరో దేశం తెలియదు. చిప్ డిజైన్ జరిగే ఊళ్ల పటం వేరుగా ఉంటుంది: మ్యూనిక్, డ్రెస్డెన్ సరే, ఎన్‌ఎక్స్‌పీ ఉన్న ఐంధోవెన్, నైమెగెన్, ఇన్ఫినియన్ ఉన్న ఆస్ట్రియాలోని విలాహ్, గ్రాట్స్, ఆర్మ్ పుట్టిన కేంబ్రిడ్జ్, అనలాగ్ డివైసెస్ ఉన్న లిమరిక్, నార్డిక్ సెమీకండక్టర్ ఉన్న ట్రోండ్‌హైమ్. నెదర్లాండ్స్‌లో నైపుణ్య వీసాకు స్పాన్సర్ చేయగల కంపెనీల జాబితాను ప్రభుత్వమే బహిరంగంగా ఉంచుతుంది కనుక ఎవరికి దరఖాస్తు చేయాలో ముందే తెలుస్తుంది. ఐర్లండ్ క్రిటికల్ స్కిల్స్ పర్మిట్ కూడా మనవాళ్లు తప్పక చూడవలసింది. అయిదు నెలల్లో నేను పంపిన దరఖాస్తులు 31. ఒక్కోదానికి ఒక సాయంత్రం వెచ్చించాను.

క్లయింట్ పని చూపించలేం కనుక, చూపించగలిగే పని ఒకటి చేయాలనుకున్నాను. ఓపెన్‌టైటాన్ అనే ఓపెన్‌సోర్స్ చిప్ ప్రాజెక్టులో చాలా బ్లాకులకు వెరిఫికేషన్ ప్లాన్, యూవీఎం టెస్ట్‌బెంచ్ బహిరంగంగా ఉంటాయి. వాటిని నెల రోజులు చదివి, అదే క్రమశిక్షణతో ఒక చిన్న అసింక్రనస్ ఫిఫోకు (వేర్వేరు క్లాకుల మీద నడిచే రెండు భాగాల మధ్య డేటాను వరుసగా అందించే నిల్వకు) ప్లాన్, టెస్ట్‌బెంచ్, అసర్షన్లు (నియమం తప్పితే పట్టుకునే తనిఖీలు), కవరేజ్ నివేదిక రాసి అందరికీ కనబడేలా పెట్టాను. రెజ్యూమెలో పీసీఐఈ వరుస ఉన్న చోట ఆ లింకు ఉంచాను. నాకు ఉద్యోగం ఇచ్చిన బృందం ఇంటర్వ్యూలో గంటసేపు ఆ ఫిఫో చుట్టూనే తిరిగింది. పాయింటర్లను (ఫిఫోలో ఎక్కడ రాయాలో, ఎక్కడ చదవాలో చెప్పే సంఖ్యలను) అవతలి క్లాక్ డొమైన్‌కు (వేరే క్లాకు మీద నడిచే భాగానికి) పంపేటప్పుడు గ్రే కోడ్ ఎందుకు వాడావు అని అడిగారు. ఒక్కో అడుగుకు ఒక్క బిట్ మాత్రమే మారుతుంది కనుక, మారుతున్న క్షణంలో పట్టుకున్నా పాత విలువైనా, కొత్త విలువైనా వస్తుందే తప్ప సంబంధం లేని మూడో విలువ రాదని చెప్పాను. మరి ఫిఫో లోతు ఎనిమిది కాకుండా ఆరు అయితే అన్నారు. దానికి నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. కాగితం తీసి, గ్రే కోడ్ వరుసంతా రాసి, చివరి నుంచి మొదటికి తిరిగే చోట ఒకటి కన్నా ఎక్కువ బిట్లు మారతాయని పైకే చెబుతూ, వరుసకు రెండు కొసల నుంచీ సమానంగా తీసేసి నడిమి భాగం మాత్రమే వాడితే తిరిగే చోట కూడా ఒక్క బిట్టే మారుతుందని గీసి చూపించాను. పదిహేను నిమిషాలు పట్టింది. ఆ పదిహేను నిమిషాలూ వాళ్లు మధ్యలో మాట్లాడలేదు. 2025 మార్చిలో ఆఫర్ వచ్చింది. వీసా పత్రాల పనంతా కంపెనీ హెచ్‌ఆర్ విభాగమే చూసింది, నా దగ్గర రూపాయి తీసుకోలేదు.

ఇక్కడ జీతంలో మూడో వంతుకు పైగా పన్నులకు, బీమాలకు పోతుంది, మ్యూనిక్‌లో ఇల్లు దొరకడం నిజంగా కష్టం. అయినా మొన్న స్పెసిఫికేషన్ సమావేశంలో నేను లేవనెత్తిన ఒక సందేహం వల్ల చిప్ రీసెట్ అయ్యే క్రమం మారింది. నేను వచ్చింది దానికోసమే.

కన్సల్టెన్సీతో లెక్క ఇంకా మిగిలింది. ఉద్యోగం ఏ మార్గంలో వచ్చినా మూడో విడత కట్టాలన్న షరతు ఒప్పందం ఏడో పేజీలో ఉందని, 70,000 పంపమని ఏప్రిల్‌లో ఫోన్ చేశారు. మీరు కట్టే ముందు ఆ షరతు ఉందో లేదో చూసుకుని, ఉంటే కొట్టివేయించండి. నేను పంపిన దరఖాస్తుల జాబితా, నా రెజ్యూమెలో వారు చేర్చిన వరుస, రిజిస్ట్రేషన్ ప్రశ్న మూడింటినీ ఒక ఉత్తరంలో పెట్టి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. మళ్లీ ఫోన్ రాలేదు. కట్టిన 1,40,000లో తిరిగి వచ్చింది కూడా ఏమీ లేదు.

జూన్‌లో నేను విమానం ఎక్కిన వారానికి ఆ చెల్లెలు ఏదో పత్రం వెనక్కి తీసుకోవడానికి ఆ ఆఫీసుకు వెళ్లి, గోడ ఫొటో తీసి నాకు పంపింది. మూడో వరుసలో నా ఫొటో ఉంది, కింద నా పేరు, జర్మనీ జెండా. నా ద్వారా ఇంకొకరి నాన్నగారు అప్పు తేకూడదని, ఆ రోజే ఈమెయిల్ రాసి తీసేయమన్నాను. రెండు వారాల్లో మూడుసార్లు రాయవలసి వచ్చింది. చివరికి ఆమే మళ్లీ అటు వెళ్లి చూసి, "అన్నా, తీసేశారు" అని ఖాళీ చోటు ఫొటో పంపింది.